పదకొండో అభిప్రాయం

చెరకు ఆకు మొహాన్ని కోస్తోంది.

పండరి ఆగడం లేదు.

పొద్దు కుంకుతోంది. ఇంకో పావుగంటలో దారి కనబడదు. ఆలోగా తోట దాటాలి... కాలువ గట్టు ఎక్కాలి... తూము దగ్గరికి చేరాలి!

చెల్లెలు మంజులత ఆ నీళ్ళలో అడుగు పెట్టకముందే!

ఎడమ కాలి చెప్పు తెగింది. విదిలించి పారేశాడు. ఎండిన చెరకు మోడు అరికాల్లో దిగింది. కేక గొంతు దాకా వచ్చింది. మింగేశాడు.

"చెల్లే!"

గాలికి ఆకులు గరగరమంటున్నాయి. అంతే!

పది నిమిషాల క్రితం అతను ఇంటికి వచ్చేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొయ్యి మీద అన్నం మాడుతోంది. పక్కింటి పోసవ్వ వాకిట్లో నిలబడి గుండె బాదుకుంటోంది.

"డాక్టర్ సాబు పిలిపిచ్చిండట బిడ్డా. తూము కాడికి రమ్మన్నడట. ఒక్కతే వోయింది."

"ఎందుకు పిలిచిండు అవ్వా?"

"నాకేం ఎరుక? నేను పిలిస్తే మళ్ళి సుత జూడలే. నిద్రల నడిసినట్టు నడుస్తుండె..."

నిద్రలో నడిచినట్టు!

ఆ మాటతో పండరికి అంతా అర్థమైపోయింది. ఒక్క క్షణంలో. నిన్నటి నుంచి తను చేసిన ఘనకార్యం మొత్తం!

*

బాన్సువాడ బజారులో రెండు గదుల గ్రంథాలయం. దాన్ని చూసుకునేది పండరి. తాళం తీసేది అతనే, చీపురు పట్టేదీ అతనే. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్ళ చేత అభిప్రాయం రాయించందే వదలడు. అందుకోసం ఒక గీతల నోట్ బుక్కు పెట్టాడు. రోజూ సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చుకుని, దీపం ముందు కూర్చుని, ఒక్క అక్షరం విడవకుండా చదువుకుంటాడు. అదే అతని సంబరం.

ఆ 1944 వానాకాలంలో ఊరంతా చదివింది ఒకే ఒక్క నావెల్. పేరు 'మాయగొంతు'. అందులో ఒక దుర్మార్గుడు నీలి దీపం చూపించి మనుషుల మనసులు లొంగదీసుకుంటాడు. వాళ్ళ చేత హత్యలు చేయిస్తాడు.

అభిప్రాయాలు కుప్పలుగా వచ్చాయి.

'రెండు దినాలు పొలం మొఖం చూడలేదు. నాగలి పట్టినా గా గొంతే వినబడుతుండె' అని రాశాడు బీర్కూర్ రైతు ఒకాయన.

'మనిషి మనసు ఎద్దు కాదు, ముకుతాడు వేయడానికి. రచయితకు మతి లేదు' అని రాశాడు రుద్రూర్ నుంచి వచ్చే గుమాస్తా.

'ఇట్టి పుస్తకములు ఆడవారి చేతికి ఇవ్వరాదు' అని రాశాడు పాత పంతులు.

పది అభిప్రాయాలు. పదీ చదివి పండరి నవ్వుకున్నాడు.

పదకొండోది చదివి నవ్వలేదు!

సంతకం లేదు. అక్షరాలు ఎడమ వైపుకు పడిపోతున్నాయి.

'దీపం అబద్ధం. దీపం అవసరం లేదు. గొంతు చాలు. పో అంటే ఆశన్న కాలువల్లకు నడిచి పోయిండు. మెడ దాక మునిగినా చేతులు కొట్టుకోలేదు.'

పండరి దీపం దగ్గరికి జరిగి మళ్ళీ చదివాడు.

ఆశన్న శవం తూము చువ్వలకు తట్టుకుని దొరికి అప్పటికి ఇరవై రోజులు. కాళ్ళు కడుక్కోబోయి పడ్డాడని ఊరు అనుకుంది. దుఃఖంలో ఉన్న మనిషి కదా, పెళ్ళాం గంగవ్వ పోయి నెల కూడా కాలేదు అనుకుంది. మెడ దాకా మునిగినా చేతులు కొట్టుకోలేదని ఎవరికి తెలుసు?

పక్కన నిలబడి చూసినవాడికి!

ఎవడో హంతకుడు గొప్పలు చెప్పుకుంటున్నాడు. నా బుక్కులో! పండరికి అలాగే తోచింది.

ఇలాంటి విద్య తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కడే. డాక్టర్ రామబ్రహ్మం. రెండేళ్ళ కిందట ఎక్కడో సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి కాలువ గట్టు మీది పాత బంగళా కిరాయికి తీసుకున్నాడు. ఎప్పుడూ తెల్ల కోటు. నిద్ర పట్టనివాళ్ళకు చేదు మందు తాగించి, మణికట్టు పట్టుకుని, మెల్లగా మాట్లాడి నిద్రపుచ్చుతాడు. మెస్మరిజం అంటాడు. మంజులత భర్త విషజ్వరంతో పోయి, ఆమె కంటి మీద కునుకు లేకుండా అయిపోతే, పండరే ఆమెను అక్కడికి తీసుకుపోయాడు. మొదట్లో తోడు కూర్చున్నప్పుడు, మందు తాగకుండానే ఆ గొంతుకు తనూ కునికేవాడు.

నిన్న పొద్దున బుక్కు చంకలో పెట్టుకుని ఆ బంగళాకే పరుగెత్తాడు.

"జరంత చూడుండ్రి సాబ్. ఎవడో ఖూనీ చేసి రాసిండు."

డాక్టర్ చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అభిప్రాయం బాగుంది" అన్నాడు. "ఈ బుక్కు రాత్రిళ్ళు ఎక్కడ ఉంటుంది పండరీ?"

"మా ఇంట్లనే సాబ్."

"ఇంట్లో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు?"

"నేను... మా చెల్లె."

డాక్టర్ బుక్కు మూసి అతని చేతిలో పెట్టాడు. భుజం తట్టాడు.

"ఏమీ దిగులు పెట్టుకోకు. నేను చూసుకుంటాను."

పండరి రెండు చేతులూ జోడించాడు. తేలిక మనసుతో ఇంటికి వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. హాయిగా నిద్రపోయాడు!

*

అది హంతకుడి గొప్ప కాదు. సాక్షి మొర!

మందు కోసం ఆ బంగళాకు వెళ్ళినప్పుడు మంజులత చూసింది. గంగవ్వను డాక్టర్ మందే చంపిందని, పోలీసు అమీన్ సాబుకు ఫిర్యాదు చేస్తానని ఊరంతా తిరిగిన ఆశన్నను... ఎవరు, ఎలా నీళ్ళలోకి పంపారో చూసింది.

నోటితో చెప్పబోయింది కూడా. "అన్నా, నాకు గా డాక్టర్ మందు వద్దు. భయమైతుంది" అంది ఒకనాడు. "పిచ్చి మాటలు మాట్లాడకు. ఆయన దేవుడు" అని తను కసురుకున్నాడు. ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు.

అన్న తన మాట వినడు. కానీ అభిప్రాయాల బుక్కులో ప్రతి అక్షరం చదువుతాడు. అందుకే అందులో రాసింది. ఎడమ చేత్తో.

దాన్ని తీసుకుపోయి తను ఎవరికి చూపించాడు?

"చెల్లే!"

పండరి ఇంకా వేగం పెంచాడు.

ఎదుట చెరకు గడలు కదిలాయి.

అడవిపందా?

కాదు... మనిషి!

ఫూల్‌సింగ్! పక్క తండావాడు. పందులు పడకుండా చెరకు కాసే మనిషి. చేతిలో నాటు తుపాకి. పండరికి చిన్నప్పటి నుంచీ ఎరుకే.

"ఫూల్‌సింగన్నా! మా చెల్లెను చూసినవా? డాక్టర్ ఆమెను..."

తుపాకి గొట్టం పండరి ఛాతీకి ఆనింది!

"ఎవల్ని రానియ్యద్దన్నడు."

"నేనన్నా! పండరిని!"

ఫూల్‌సింగ్ కళ్ళు అతని మీదే ఉన్నాయి. కానీ అతన్ని చూడటం లేదు. రెప్ప పడటం లేదు. పెదవుల మూల నుంచి మందు వాసన... చేదుగా... ఘాటుగా!

అతని భార్య రూప్లి పోయినప్పటి నుంచి అతనూ అదే మందు తాగుతున్నాడు. నిద్ర కోసం.

"ఎవల్ని రానియ్యద్దన్నడు" అన్నాడు మళ్ళీ. అదే స్వరం. అదే సాగదీత.

మాట ఫూల్‌సింగ్‌ది కాదు. నోరు మాత్రమే అతనిది!

పండరి ఒక్కసారిగా గొట్టాన్ని పక్కకు తోశాడు. గడల మధ్యకు దూకాడు.

వెనక అడుగులు!

పరుగు కాదు. నడక. తొందర లేని నడక. గడలు ఒక్కొక్కటే విరుగుతున్న చప్పుడు... ఫట్... ఫట్... ఫట్...

పండరి వంగి ఉరుకుతున్నాడు. కుడికి. ఎడమకు. మళ్ళీ కుడికి. ఎంత ఉరికినా వెనక చప్పుడు అంతే దూరంలో ఉంది!

చెరకు అయిపోయింది.

గట్టు!

చేతులతో, మోకాళ్ళతో పాకి పైకి ఎక్కాడు. చూశాడు.

గట్టు అంచున ఆగిపోయాడు.

తూము మెట్ల మీద మంజులత. ఆఖరి మెట్టు. పాదాలను నీళ్ళు తాకుతున్నాయి. చూపు నీళ్ళ మీద. రెండు చేతులూ పక్కకు వేలాడుతున్నాయి.

ఆమె వెనక పది అడుగుల దూరంలో, తూము గోడ అంచున తెల్ల కోటు.

"నీళ్ళు చల్లగా ఉంటాయి మంజులతా" అంటున్నాడు డాక్టర్ రామబ్రహ్మం. పసిపాపకు జోల పాడినట్టు. "ఎన్నాళ్ళయింది నువ్వు నిద్రపోయి? ఇంకొక్క అడుగు. అంతే. హాయిగా నిద్ర..."

"ఒరేయ్!"

పండరి దూకబోయాడు.

డాక్టర్ తల తిప్పలేదు. గొంతు పెంచలేదు.

"పండరీ... అలసిపోయావు. చాలా దూరం పరుగెత్తావు. కాళ్ళు బరువెక్కాయి. కూర్చో."

పండరి మోకాళ్ళు వంగాయి.

కూర్చున్నాడు!

ఎందుకు కూర్చున్నాడో అతనికి తెలియదు. లేవాలి. లే! లే! మనసు అరుస్తోంది. కాళ్ళు వినడం లేదు. గట్టు మట్టి చేతులకు తగులుతోంది. గడ్డి పీకుతున్నాడు. లేవలేకపోతున్నాడు! ఏడుపు వస్తోంది.

ఆశన్నకూ ఇలాగే అయిందా? లోపల అరుస్తూనే... మెడ దాకా నడిచాడా?

చెరకులోంచి ఫూల్‌సింగ్ బయటికి వచ్చాడు. తుపాకి చేతిలోనే ఉంది.

డాక్టర్ అతని వైపు చూశాడు. చిరునవ్వు నవ్వాడు.

"ఫూల్‌సింగ్... చెరకులో పంది పడింది. చూశావా? అదిగో, గట్టు మీద కూర్చుంది. తుపాకి ఎత్తు."

తుపాకి లేచింది.

గొట్టం నల్లటి నోరు పండరి కళ్ళ మధ్యకు తిరిగింది.

"అన్నా! నేను పండరిని! ఫూల్‌సింగన్నా!"

ఫూల్‌సింగ్‌కు ఆ మాటలు వినబడలేదు. పంది అరుస్తోంది, అంతే!

వేలు మీట మీదికి జరిగింది.

పండరి కళ్ళు మూసుకున్నాడు.

"ఫూల్‌సింగ్..."

ఇంకో గొంతు.

మెల్లగా. లోతుగా. తొందర లేకుండా. డాక్టర్ ఎక్కడ ఆగుతాడో అక్కడే ఆగుతూ.

కానీ... ఆడగొంతు!

"పంది అక్కడ లేదు ఫూల్‌సింగ్... నీ ఎడమ దిక్కున్నది. తెల్లగున్నది... సక్కగ చూడు... కనబడ్డదా?"

మంజులత! నీళ్ళ వైపే చూస్తూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడుతోంది!

డాక్టర్ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఫూల్‌సింగ్! నా మాట..."

గొంతు వణికింది. తొందరపడింది. ఆ ఒక్క తొందరతో అది మామూలు మనిషి గొంతు అయిపోయింది!

"కనబడ్డది" అన్నాడు ఫూల్‌సింగ్.

"కొట్టు" అంది మంజులత.

ఢాం!

కొంగలు గుంపుగా లేచాయి. పొగ. మందుగుండు వాసన. నీళ్ళలో ఏదో బరువుగా పడిన చప్పుడు.

తూము మెట్ల మీద ఎవరూ లేరు... మంజులత తప్ప.

"పడ్డదా?" అన్నాడు ఫూల్‌సింగ్, నిద్రలో పలికినట్టు.

"పడ్డది. ఇగ ఇంటికి వో. పండుకో."

అతను తుపాకి భుజాన వేసుకున్నాడు. తండా దారి పట్టాడు. తొందర లేని నడక.

మంజులత మెట్లు ఎక్కి వచ్చింది. తడి పాదాల గుర్తులు రాతి మీద పడ్డాయి. అన్న పక్కన కూర్చుంది. చెరకు ఆకు కోసిన చెంపను కొంగుతో తుడిచింది.

"చెల్లే... నువ్వు..."

"ఇరవై దినాలసంది మందు తాగలే అన్నా. కొంగుల గుమ్మరిచ్చుకున్న. కండ్లు మూసుకొని కూసొని విన్న. ఎట్ల మాట్లాడుతుండో... ఏ మాట కాడ ఆగుతుండో." ఆమె మొహంలో కోపం లేదు. భయం లేదు. "నేర్చుకున్న."

పండరికి ఏడుపు ఆగలేదు. "నా తప్పే చెల్లే. నేనే నీ పేరు చెప్పిన వానికి. రేపు అమీన్ సాబు కాడికి పోదం. ఉన్నదున్నట్టు చెప్దం. ఫూల్‌సింగ్‌ది ఏం తప్పు లేదని..."

"ఏం చెప్తవ్?"

"చూసింది చెప్త."

మంజులత అతని మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాడి మీద సరిగ్గా ఆనాయి.

"ఏం చూసినవ్ అన్నా?"

"డాక్టర్‌ను... ఫూల్‌సింగ్ తుపాకితోని..."

"కాదు. జర అలసిపోయినవ్... మెల్లగ ఊపిరి తీసుకో... ఇగ చెప్పు. ఏం చూసినవ్?"

పండరి చెయ్యి లాక్కోబోయాడు. చెయ్యి కదల్లేదు. డాక్టర్ అని అనబోయాడు. ఆ పేరు నాలుక చివరి దాకా వచ్చి... ఎక్కడో జారిపోయింది.

"పంది" అన్నాడు.

"ఆఁ..." అంది మంజులత. "మా అన్న బంగారం."

పండరి కాలువలోకి చూశాడు.

మసక చీకట్లో తెల్లగా ఏదో తేలిపోతోంది. చేతులున్నట్టు ఉంది. కోటు ఉన్నట్టు ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

నాలుగు కాళ్ళు కనబడ్డాయి!