ఏ వార్త విని పోయాడు

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. గోపాలపట్నంలో రాణికి పొరుగింటి చావు కూడా రుచిగానే కనిపించింది.

ముఖ్యమంత్రి రాజీనామా చేసి ప్రభుత్వం పడిపోయిన సాయంత్రమే రాణి ఉండే మేడలో ఇద్దరు పోయారు. ఒకరు పోర్టులో పర్మినెంటు ఉద్యోగి అర్జునరావు. టీవీలో ఆ వార్త చూస్తూ గుండె ఆగి కూలిపోయాడని భార్య చిలకమ్మ చెప్పింది. మర్నాడు పేపర్లో ఆవిడ ఫొటో పడింది. పార్టీ వాళ్లు శవానికి కండువా కప్పారు. పదో రోజున ఆ దిగిపోయిన నాయకుడే స్వయంగా పరామర్శకు వస్తాడన్నారు. రెండోవాడు రాణి మొగుడు జగ్గారావు, బొగ్గు లారీల దగ్గర కాంట్రాక్టు కూలి. అతని ఫొటో ఎవరూ అడగలేదు.

రాణికి కడుపు మండిపోయింది. గోడకి అటు చిలకమ్మ ఫ్రిజ్జు కొన్నప్పటినుంచి ఇటు ఈవిడకి పద్నాలుగేళ్లుగా నిద్ర లేదు. ఆఖరికి మొగుడు పోయిన ఏడుపులో కూడా ఆవిడదే పైచెయ్యా? కొంగు నోట్లో కుక్కుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటుందట, మహారాణి.

అందుకే మూడో రోజు పార్టీ మనిషి సన్యాసిరాజు మెట్ల మీద కనిపించగానే పిలిచి, మా ఆయన పోయిందీ ఆ వార్త చూసే అని చెప్పేసింది. అబద్ధం. జగ్గారావు ఉబ్బసంతో ఐదింటికే నిద్రలో పోయాడు. వార్త వచ్చింది ఏడింటికి. సన్యాసిరాజు పరామర్శ జాబితాలో పేరు రాసుకున్నాడు. ఆ రాత్రి రాణి హాయిగా పడుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. తలుపు మూసిన గదిలో చెమ్మ వాసన, దాని అడుగున ఇంకో వాసన... బొగ్గు పొడి. జగ్గారావు చొక్కాల వాసన అది. ఆ చొక్కాలు అతను పోయిన రోజే పారేశారు.

నులక మంచం కిర్రుమంది.

పిల్లి అనుకుంది రాణి. తల తిప్పలేదు. అప్పుడు ఊపిరి వినిపించింది. లాగి, ఆగి... లాగి, ఆగి...

"ఒలే రాణీ... నాను ఏటి ఇని సచ్చిపోనాను?"

ఆమె గోడ వైపుకి జరిగింది.

"వార్త ఇని పోనానంట. అందరూ సెప్తన్నారు. నాకు ఎరిక నేదు... ఏటది?"

గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. చెబితే వెళ్లిపోతాడనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ప్రభుత్వం పడిపోయిందని చెప్పేసింది.

ఊపిరి ఆగింది. వాన చప్పుడే మిగిలింది. రాణి లేచి పరిగెత్తింది. పదో రోజు దాకా గడప దాటకూడదన్న మాట కూడా మరిచిపోయి చిలకమ్మ గదిలో పడింది.

అక్కడ టీవీకి దుప్పటి చుట్టి, తాడుతో కట్టేసి ఉంది. చిలకమ్మ నోట్లోంచి కొంగు తీసింది.

"మీ ఆయన కూడా వత్తన్నాడేటి?"

అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక, అంత భయంలోనూ, రాణికి సంతోషం వేసింది. అయితే ఈవిడదీ అబద్ధమే. అర్జునరావు ఆ సాయంత్రం బాత్రూంలో జారిపడ్డాడనీ, టీవీ పెట్టనే లేదనీ చిలకమ్మ మెల్లగా చెప్పింది. జారిపడి చచ్చాడంటే ఎవరొస్తారు, ఎవరు తలుచుకుంటారు అంది.

"మీ ఆయనకి నువ్వు ఆ వార్త సెప్పనేదు గదా?"

"సెప్పీసినాను, అప్పా. ఎలిపోతాడని."

చిలకమ్మ ముఖం పాలిపోయింది. "ఎల్లడమ్మా. మొదటి రోజే నానూ సెప్పీసినాను. ఆ తరవాత ఏటైందని అడుగుతన్నాడు. సెప్పినకొద్దీ ఇంకాస్త దగ్గిరికొచ్చి కూకుంటన్నాడు. అందుకే నోరు కట్టీసుకున్నాను."

రాణి ఆమె పక్కనున్న చోటు చూసింది. పరుపు మీద అక్కడ కొద్దిగా గుంట పడి ఉంది.

కరెంటు ఇంకా రాలేదు. గోడ అవతల, రాణి వదిలొచ్చిన ఖాళీ గదిలో, టీవీలో వార్తలు మొదలయ్యాయి.

"గోపాలపట్నంలో ఈ ఉదయం పరామర్శకు వెళ్లిన నాయకుడికి, ఆ రెండిళ్లలోనూ తలుపు తీసేవారు లేకపోవడంతో..."

నాయకుడు వచ్చేది రేపు.

ఎవరో సౌండు పెంచారు.