నాలుగో కుర్చీలో గోరింటాకు

మా గాబెస్ ఊళ్లో డయాలసిస్‌కి మధ్యాహ్నం పూట వచ్చేవాళ్లు నిద్రకోసమే వస్తారనిపిస్తుంది. ఏసీ చల్లదనం, స్పిరిట్ వాసన, ఆరు యంత్రాల గరగర. నేనక్కడ నర్సుని, పేరు జొహ్రా. నాకు నోరు కాస్త ఎక్కువ. పేషెంట్లకి నేనంటే ఇష్టం కూడా అందుకే.

ఆ శుక్రవారం వసీలా పిన్ని అరచేతినిండా పచ్చి గోరింటాకుతో వచ్చింది. మర్నాడు కూతురి పెళ్లి. "పెళ్లి నీకా, దానికా?" అని ఏడిపిస్తే సిగ్గుపడి నవ్వింది. మోచేతి పైన సూదులు గుచ్చి, పక్కనే రక్తం కారితే పసిగట్టే బిళ్ల అంటించాను. దాంట్లో గుడ్డ ముక్క, దాని వెనక చిన్న దీపం ఉంటాయి. సూది జారి రక్తం తగిలితే, గుడ్డ ఎర్రబడి, వెలుతురు మారి కూస్తుంది. గోరింటాకు ఎక్కడ చెరిగిపోతుందోనని ఆవిడ చెయ్యి ఎత్తి పట్టుకుంది. రసం కిందికి జారింది. బిళ్ల కూసింది. తుడిచాను. మళ్లీ కూసింది. మూడోసారికి విసుగొచ్చి, దాన్ని ఊడబీకి కుర్చీకి అంటించేశాను. గోరింటాకు ఆరాక పెడదాంలే అనుకున్నాను. చలేస్తోందంటే అరచెయ్యి బయటికి వదిలి, మోచేతిమీదుగా దుప్పటి కప్పాను.

గంట తర్వాత చూస్తే కుర్చీ కింద ఎర్రటి చుక్కలు. "పిన్నీ, నీ గోరింటాకు నా నేలకి కూడా పెడుతున్నావా?" అన్నాను. పలకలేదు. నిద్రపోతోందనుకుని, ఒక కాగితం పడేసి, కాలితో తుడిచి వెళ్లిపోయాను. కాలితో... ఎంత పాపిష్టిదాన్ని.

డయాలసిస్ అయ్యే వేళకి దుప్పటి తీసేసరికి సూది బయటుంది. పిన్నిలో ప్రాణం లేదు.

కుర్చీకున్న బిళ్ల తీగ పీకి, మళ్లీ ఆవిడ చేతికే అంటించి, అది పనిచేయలేదని రిపోర్టులో రాశాను. ఆ బిళ్లల్ని చూసుకునే మెకానిక్ ముంజీని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇద్దరు చిన్నపిల్లలు అతనికి. ఇంత నోరున్న నేను మాట్లాడలేదు.

పిన్ని పోయిన నలభయ్యో రోజు దాటాక, శుక్రవారం, అదే వేళకి ఆవిడ కూచున్న నాలుగో కుర్చీ బిళ్ల కూసింది. కుర్చీ ఖాళీ. దగ్గరికెళ్తే పచ్చి గోరింటాకు వాసన... ఇంకెవరికీ రాలేదట.

ప్రతి శుక్రవారం అదే వరస. కొత్త బిళ్లలు తెచ్చినా అంతే. చివరికి ముంజీనే ఒక్కరోజుకి పిలిచారు. నేను తలెత్తి అతని మొహం చూడలేకపోయాను. అతను ఒక్కో బిళ్లా తన చేతికి అంటించి చూసుకున్నాడు. ఒక్కటీ కూయలేదు.

"నీ చెయ్యివ్వక్కా."

కుర్చీలో కూచుని ఇచ్చాను. అంటించాడు.

కూసింది.

ఇంకోటి... అదీ కూసింది.

"బిళ్లలు బాగానే ఉన్నాయి," అన్నాడు మెల్లగా. "ఆ రోజుది కూడా బాగానే ఉందా అక్కా?"

ఔననడానికే నోరు తెరిచాను. ఒక్కమాట చాలు, అతని ఉద్యోగం అతనికొచ్చేస్తుంది.

"లేదు," అని వచ్చింది.

అతను బిళ్ల ఊడదీశాడు. నా చర్మం పొడిగా ఉంది. గుడ్డ మాత్రం ఎర్రగా తడిసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"రేపు మీ ఇంట్లో పెళ్లా, అక్కా?"

కాదని తలూపాను. కుర్చీ కింద టప్‌మని చుక్క పడింది.

అతను చూడకముందే కాలితో తుడిచేశాను.