నిప్పురవ్వకూ తలుపుకూ మధ్య

"ల్యాప్‌టాప్ తర్వాత తెరవచ్చు మేడమ్. ముందు నేను అడిగినదానికి జవాబు చెప్పండి."

సూలూరు నూలుమిల్లులో, దూది బేళ్ళు విప్పే బ్లోరూమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడి, తమిళంలో అన్నాడతను. ఎడమచేతికి మోచేతి దాకా తెల్లటి కట్టు. చొక్కా జేబు మీద 'వసంతకుమార్, ఎలక్ట్రానిక్స్' అని కుట్టి ఉంది. లోపలి నుంచి మాడిన దూది వాసన వస్తోంది.

మేనక ఇంకా భుజం మీది బ్యాగు కూడా దించలేదు. కారమడైలో పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చింది.

"అడగండి," అంది తనూ తమిళంలోనే.

"శనివారం మధ్యాహ్నం గొట్టంలో నిప్పురవ్వ లేచింది. మీ కంట్రోలర్ కళ్ళు మూసుకుంది. ఎందుకు?"

మిల్లులో బేళ్ళు విప్పిన దూది గాలి ఊపుకు పెద్ద గొట్టాల్లో పరుగెడుతుంది. అందులో ఏ ఇనుపముక్కో రాసుకుని రవ్వ లేస్తే, గొట్టానికి బిగించిన రెండు సెన్సర్లలో ఒకటైనా పసిగట్టాలి. కంట్రోలర్ రెప్పపాటులో ఇనుప తలుపు తెరిచి, ఆ దూదిని బయటి పెట్టెలోకి తోసెయ్యాలి. కంట్రోలర్ మేనక పనిచేసే కంపెనీది. మూడు వారాల కిందట అందులో కొత్త ప్రోగ్రాం పెట్టింది మేనకే.

శనివారం తలుపు తెరుచుకోలేదు. మంట లోపలి యంత్రం దాకా పాకింది. వసంతకుమార్ వట్టి చేత్తో తలుపు లాగి, మండుతున్న దూదిని బయటికి ఈడ్చాడు. ఆ కట్టు అందుకే.

"లోపల చూడకుండా ఏం చెప్పను?" అంది మేనక.

అతను పక్కకు తప్పుకున్నాడు. తప్పుకుంటూ తనలో తాను తెలుగులో గొణిగాడు. "బొమ్మ మాదిరి వచ్చి నిలుచుకుంది. మంటంటే ఏంటో దీనికేం తెలుసు!"

మేనక ఆగింది. వెనక్కి తిరిగి, అచ్చంగా ఇంట్లో మాట్లాడే తెలుగులో అంది. "బొమ్మకి చెవులుండాయండీ."

అతని మొహం ఎర్రబడింది. "అయ్యో... మీరు తెలుంగువాళ్ళా?"

"తెలుంగువాళ్ళయితే తిట్టకూడదు, మిగతావాళ్ళయితే తిట్టచ్చు. అంతేనా?"

"అట్లా లేదండీ. సారీ. అయినా నా ప్రశ్న ప్రశ్నే. జవాబు రానీండి."

మేనక నిచ్చెనెక్కి మొదటి సెన్సర్ చూసింది. అద్దం మీద మందంగా దుమ్ము. తీగ కొస దగ్గర దూది పొట్టు ఇరుక్కుని, అసలు కబురే రావడం లేదు.

"తుడవలేదు మీరు," అంది కిందికి చూస్తూ.

"శుక్రవారం తుడిచినాను. రిజిస్టర్‌లో సంతకం ఉండాది. శనివారం దించిన బేళ్ళన్నీ ఒకటే దుమ్ము. సరి, ఒకటి గుడ్డిదయింది. రెండోది ఏం చేస్తా ఉండింది?"

మేనక కిందికి దిగి, ల్యాప్‌టాప్ తెరిచి, కంట్రోలర్ నిమిషం నిమిషం రాసుకునే లాగ్ చూసింది. లాగ్‌లో మధ్యాహ్నం రెండూ పద్నాలుగు తర్వాత నాలుగు నిమిషాలు ఒక్క అక్షరం లేదు. ప్రోగ్రాం ఆగిపోలేదు, తప్పు చూపలేదు. ఊరికే ఉంది.

"నా ప్రోగ్రాం ఎవరికోసమూ కాచుకోదు. ఒక సెన్సర్ మాట్లాడకపోతే రెండోదాన్ని అడుగుతాది. అట్లే రాసినాను," అంది పట్టుదలగా.

"మీరు అట్లే రాసినారు. అది అట్లే చేసిందా?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది.

అంతలో ఫోన్ మోగింది. ఆమె బాస్ కృష్ణన్. "దుమ్ము ఫోటో తీశావా? చాలు. సెన్సర్ శుభ్రం చెయ్యలేదని రిపోర్టు రాసెయ్యి. గురువారం పదకొండుకి సేఫ్టీ తనిఖీ ఆయన వస్తాడు. తప్పెవరిదో తేలితే గానీ మిల్లు తెరవనివ్వడు."

"ఇంకా తేలలేదు సార్."

"తేల్చు," అని పెట్టేశాడు.

*

ఆ మంగళవారం మధ్యాహ్నం వసంత్ స్పేర్ కంట్రోలర్‌ని ఒళ్ళో పెట్టుకుని, బస్సులో శరవణంపట్టి వచ్చాడు. మేనక ఆఫీసు అక్కడే, ఓ బేకరీ పైన. కొరియర్‌లో పంపచ్చు కదా అంటే, "దీన్ని నా కళ్ళ ముందర నుంచి పోనిచ్చేది లేదు," అన్నాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బయట వాన మొదలైంది.

"మీరు ఇట్లా చూస్తా ఉంటే నాకు పని జరగదండీ."

"నేను పెట్టెని చూస్తా ఉండాను."

"పెట్టె ఆ పక్కన ఉండాది."

అతను చటుక్కున తల తిప్పుకున్నాడు. మేనకకు నవ్వొచ్చింది. కింద బేకరీ నుంచి టీ, వేడి పఫ్‌లు తెప్పించింది. ఎడమచేతి వాటం కాబోలు, కట్టు కట్టిన చేత్తో అతను టీ గ్లాసు పట్టుకోలేక అవస్థ పడుతుంటే, గ్లాసు అతని కుడిచేతి వైపు జరిపింది.

నాలుగు దాటాక ఆమెకు ఒక అంకె కనిపించింది.

ఆ పెట్టెలో నడిచేది యూనిక్స్ వంశంలో పుట్టిన ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. దాని మీద ప్రోగ్రాం తయారుచేసే వసతి లేదు. తన డెస్క్‌టాప్ మీద తయారుచేసి దానికి పంపాలి. అందుకోసం, రాసిన ప్రోగ్రాంని ఆ సిస్టమ్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్‌ని మేనక తన చేతులతో కాన్ఫిగర్ చేసుకుంది. డెస్క్‌టాప్‌లో ఉన్నదీ అదే వంశం. ఆజ్ఞల పేర్లన్నీ రెండింటిలోనూ ఒకటే. కానీ పేర్ల వెనకున్న అంకెలు అన్నీ ఒకటి కావు.

'కబురు లేకపోతే కాచుకోకు' అనే ఆజ్ఞకు పెట్టెలో అంకె నాలుగు. ఆమె ప్రోగ్రాం లోపల ఉన్నది రెండువేల నలభై ఎనిమిది. అది డెస్క్‌టాప్ అంకె. పెట్టెకు అది అర్థమే కాలేదు. అందుకే మొదటి సెన్సర్ నోరు మూసుకోగానే, అది ఎప్పుడు మాట్లాడుతుందా అని ప్రోగ్రాం అక్కడే కాచుకుని కూర్చుంది. పక్కన రెండో సెన్సర్ 'నిప్పు, నిప్పు' అని అరుస్తూనే ఉంది.

మేనక కంపైలర్ కాన్ఫిగర్ చేసిన ఫైలు తెరిచింది. టార్గెట్ సిస్టమ్ పేరు సరిగ్గానే ఉంది. ఈ అంకెలన్నీ ఉండే ఆ సిస్టమ్ హెడర్ ఫైళ్ళ ఫోల్డర్ ఉండాల్సిన వరుసలో మాత్రం తన డెస్క్‌టాప్ ఫోల్డర్ ఉంది. పక్కనే తను టైప్ చేసిన మాట. 'తర్వాత మార్చాలి.'

మార్చలేదు.

"దొరికిందా?" అడిగాడు వసంత్.

ఎదుట ఆ తెల్లటి కట్టు.

"ఇంకా లేదండీ," అంది స్క్రీన్ వైపే చూస్తూ.

అతను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "దొరక్కపోతే విడండి, పోనీండి. మా మొదలాళి, మిల్లు ఓనరు గోపాలరాజు సార్ చెప్పినాడు, ఎవరో ఒకరు సంతకం పెడితే మిల్లు తెరుస్తారంట. నేను పెడతానని చెప్పేసినాను. తుడిచేది నా డ్యూటీయే కదా."

"మీరు తుడిచినారు కదా!"

"తుడిచినాను. కానీ నూట నలభై మంది ఇండ్లల్లో కూచోనుండారు. నాకు ఈ వేలై పోతే ఇంకో ఉద్యోగం దొరకతాది." తిరిగి చూసి నవ్వాడు. "మీరు బొమ్మ కాదు. పొద్దున్నించి తల ఎత్తకుండా చూస్తా ఉండారు. అది చాలు నాకు."

అతను పెట్టెకు ప్లాస్టిక్ కవరు చుట్టి, తను మాత్రం తడుస్తూ బస్టాపుకు నడిచాడు. మేనక పై నుంచి చూస్తూ నిలబడిపోయింది. ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చేవాడు. ఆ కేక రాలేదు.

*

బుధవారం పొద్దున ఫోల్డర్ మార్చి, కంపైలర్‌ని మొదటి నుంచీ మళ్ళీ తయారుచేసింది. అది పూర్తవడానికి సగం రోజు పట్టింది. దానితో ప్రోగ్రాం కట్టి లోపల చూసింది. నాలుగు. అంకె సరిపోయింది.

కృష్ణన్ గదిలోకి వెళ్ళి ఉన్నదంతా చెప్పింది.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. "బాగుచేశావు కదా? రేపు మెల్లగా కొత్త ప్రోగ్రాం పెట్టేసి వచ్చెయ్. ఆ అబ్బాయి ఎలాగూ సంతకం పెడతానన్నాడు."

"అతని చెయ్యి కాలింది సార్."

"నీ ఉద్యోగం కాలకుండా చూసుకో."

*

గురువారం పదిన్నరకే మేనక మిల్లులో ఉంది. బ్లోరూమ్ బయట బల్ల వేశారు. తనిఖీ అధికారి, పక్కన తెల్లటి ఖద్దరు చొక్కాలో గోపాలరాజు, ఆ పక్కన కృష్ణన్. బల్ల మీద ఒక కాగితం. వసంత్ చేతిలో పెన్ను.

"సంతకం పెట్టద్దండీ!"

అందరూ తలలు తిప్పారు. కృష్ణన్ కళ్ళు పెద్దవి చేశాడు. మేనక ఆయన వైపు చూడకుండా నేరుగా గోపాలరాజు ముందుకు వెళ్ళింది.

"సార్, పాత ప్రోగ్రాంని ఒకసారి పరీక్ష చెయ్యనీండి. మొదటి సెన్సర్ తీగ ఊడదీసి, రెండోదానికి టెస్ట్ లైటు చూపిస్తాను."

"ఎందుకమ్మా?"

"చూడండి సార్. తర్వాత చెప్తాను."

తీగ ఊడదీశారు. రెండో సెన్సర్ ముందు ఎర్రటి టెస్ట్ లైటు వెలిగించింది. తలుపు కదల్లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. గోపాలరాజు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. తలుపు అలాగే ఉంది.

"శనివారం జరిగింది ఇదే," అంది మేనక. "కంపైలర్ కాన్ఫిగర్ చేసేటప్పుడు ఒక ఫోల్డర్ తప్పుగా పెట్టినాను. మార్చేది మరిచిపోయినాను. తప్పు నాది. ఈయన తుడిచింది నిజం. ఈయన లేకుంటే మిల్లు మిగిలేది కాదు."

ఆమె కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. తెర మీద గీత చివరి దాకా జరగడానికి రెండు నిమిషాలు పట్టింది. మళ్ళీ అదే లైటు, అదే రెండో సెన్సర్.

ధన్‌మని తలుపు తెరుచుకుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ పనివాళ్ళెవరో ఈల వేశారు. అధికారి మరో పదిసార్లు చేయించాడు. పదిసార్లూ తెరుచుకుంది. ఆయనే వసంత్ ముందున్న కాగితాన్ని తీసి మేనక ముందు పెట్టించాడు. వెనకవైపు జరిగినదంతా రాసి, ఆమె సంతకం పెట్టింది.

గోపాలరాజు కృష్ణన్ వైపు తిరిగాడు. "మీ కంట్రోలర్లు మా మిల్లులో ఉండాలంటే, ఇకపై ఈ అమ్మాయే వచ్చి చూసుకోవాలి. వేరేవాళ్ళని పంపితే గేటు దాటనివ్వను." కృష్ణన్‌కు తలూపక తప్పలేదు.

మేనక గేటు దగ్గరికొచ్చేసరికి వసంత్ అక్కడ ఉన్నాడు. థాంక్స్ చెబుతాడనుకుంది.

"మంగళవారమే తెలుసు కదా మీకు?"

ఆమె తల వంచుకుంది. "తెలుసు."

"నేను ఎదురుగా కూచోనే ఉంటిని. అడిగినాను కూడా."

"పయమేసింది."

"పయం నాకూ వేసింది, మంటలో చెయ్యి పెట్టేటప్పుడు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

*

తర్వాత మూడు వారాలు, ప్రతి మంగళవారం మేనక మిల్లుకు వెళ్ళింది. వసంత్ నిచ్చెన పట్టుకునేవాడు. అడిగిన స్క్రూడ్రైవర్ అందించేవాడు. "సరి", ఔననడానికి "ఆమా", "అయిపోయింది". అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ మూడు మాటల కోసం ఆమె వారమంతా ఎదురుచూస్తోందని ఆమెకే ఆలస్యంగా తెలిసింది.

నాలుగో మంగళవారం నిచ్చెన దిగి, ఇక ఉండబట్టలేక అనేసింది. "తిట్టండి. ఆ రోజు గుమ్మం దగ్గర తిట్టినట్టు తిట్టండి. ఇట్లా ఉంటే నావల్ల కాదు."

అతను నిచ్చెన మడిచి గోడకు ఆనించాడు. "ఆదివారం ఇంట్లో ఉంటారా?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం కారమడై దగ్గర వాళ్ళ కరివేపాకు తోటలో మేనక కోసిన రెమ్మలు కట్టలు కడుతోంది. తండ్రి నల్లసామి గట్టు మీద మోటారు విప్పుకుని కూర్చున్నాడు. బైకు ఆగిన చప్పుడు. ఆకాశం నల్లబడుతోంది.

"మీ నైనా ఉండాడా?" అడిగాడు వసంత్.

"ఆ గట్టు మీద ఉండాడు. ఎందుకు?"

"ఒకటి అడగాల."

"నన్ను అడగండి ముందు."

అతను కరివేపాకు సాళ్ళ మధ్య నిలబడి, చొక్కా కొస సవరించుకున్నాడు. "పది రోజులు కోపంతో ఉంటిని. ఆ తర్వాత కోపం పోయింది. మాట్లాడేదానికి వెట్కం, సిగ్గేసింది. మిల్లులో తొమ్మిదేండ్లుగా ఉండాను. తప్పు నాదని నలుగురి ముందర చెప్పినవాళ్ళని ఒక్కరిని చూడలేదు. లేటుగా చెప్పినారు, సరి. కానీ చెప్పినారు." ఊపిరి తీసుకున్నాడు. "నన్ను కట్టుకుంటారా?"

మొదటి చినుకు ఆకుల మీద టప్పున పడింది. మేనక చేతిలోని కట్ట జారిపోయింది.

"మంగళవారాలు నిచ్చెన పట్టుకునేది మీరే అయితే," అంది. నవ్వాలనుకుంది. కళ్ళు నిండిపోయాయి. "ఆమా. కట్టుకుంటాను."

గట్టు మీద నుంచి దగ్గు వినిపించింది. నల్లసామి స్పానర్ పట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. వసంత్ కంగారుగా చేతులు జోడించాడు. "అయ్యా, మిమ్మల్ని కూడా అడగాలనే..."

"అడగాల్సినాయమ్మని అడిగేసినావు. ఆయమ్మ చెప్పేసింది. ఇంక నన్నేం అడిగేది?" నల్లసామి తలకు తుండు చుట్టుకుని, వాన వైపు చూశాడు. "మీ ఇంటి పెద్దోళ్ళని వచ్చే వారం పిలుచుకోని రా. ఇప్పుడు ఈ మోటారు ఒక చెయ్యి పట్టు, తడిసిపోతా ఉండాది... మాప్ళే."

అల్లుణ్ణి పిలిచే ఆ మాట విని మేనక అలాగే నిలబడిపోయింది. వసంత్ అప్పటికే బురదలోకి పరుగెత్తాడు.