ఏడో నంబరు తలుపు

"రాంబాబుది ప్రమాదం కాదు సార్. హత్య."

1965 జనవరి. బందరు రేవు దగ్గర ఒక పాత మేడమీద గది. ఏజెంట్ కృపావరం మాటకి చీఫ్ చలపతిరావు ఫైలు మూసేశాడు.

"ఎంక్వయిరీ అయిపోయిందయ్యా. విమానం తయారుచేసినవాడి అజాగ్రత్త అని తేల్చారు."

"పదకొండు రోజుల్లో తేల్చేశారు. బురదలో ఎవరైనా చెయ్యి పెట్టారా?" కృపావరం జేబులోంచి ఉక్కు కేబుల్ ముక్క తీసి బల్లమీద విసిరాడు. "విమానం కూలిన నాగాయలంక చేలో తవ్వి తెచ్చాను. ముప్పాతిక వంతు ఆకురాయితో కోసింది. మిగిలిన పావు వంతే గాల్లో తెగింది."

చీఫ్ ఆ ముక్కని వేలితో తడిమి చూశాడు. తర్వాత మ్యాప్ పరిచాడు.

దివిసీమ మడ అడవుల్లో ఒక విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్ నడుపుతోంది. నేల మీంచి వెతికితే దొరకదు. పైనుంచి చూడాలంటే కోసిన చేలో కూడా దిగగల చిన్న విమానం కావాలి. గుడివాడ రైసుమిల్లు మెకానిక్ శోభనాద్రి చెక్కతో, గుడ్డతో అలాంటిది సొంతంగా కట్టాడు. మొదటిది, దాన్ని నడిపిన రాంబాబుని పొట్టన పెట్టుకుంది. రెండోది షెడ్డులో ఉంది.

"ఇరవయ్యో తారీఖు ఉదయం ముఠా హంసలదీవి దగ్గర పడవెక్కుతుంది. ముఠాలో ఉన్న మన మనిషి సరోజిని కబురు."

"నేను నడుపుతాను," అన్నాడు కృపావరం. ఎయిర్ ఫోర్సులో రాంబాబు, అతనూ ఒకే కంచంలో తిన్నారు.

ఇంజన్ ఆయిల్ అమ్మేవాడి వేషంలో గుడివాడ షెడ్డులో అడుగుపెట్టాడు. విమానం ముచ్చటగా ఉంది. ముక్కు నుంచి తోక దాకా అతుకు కనబడకుండా బిగించిన గుడ్డ. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం, టార్చి పట్టుకుని చుట్టూ తిరిగాడు. అద్దం దూర్చడానికి ఎక్కడా సందు లేదు.

"తోకలో కేబుల్ ఎలా చూస్తారు?"

"చూడాలంటే గుడ్డ కొయ్యాలండి. మళ్ళీ కుట్టాలి, రంగు కొట్టాలి. వారం పని," అన్నాడు శోభనాద్రి.

"అందుకని చూడరు!"

"నున్నగా ఉంటే అందమని..."

"ఆ అందమే మావాణ్ణి మింగింది!" కృపావరం అరుపుకి షెడ్డు రేకుల మీద పావురాలు లేచిపోయాయి. "మొదటిదానికి గుడ్డ కప్పే ముందు షెడ్డు లోపలికి ఎవరొచ్చారు?"

శోభనాద్రి ముఖం పాలిపోయింది. "ఫొటోలు తీస్తానని ఒకావిడ వచ్చిందండి. నల్ల కళ్ళజోడు. టీ అడిగితే నేను తేవడానికి వెళ్ళాను. వచ్చాక... నేనే నా చేతుల్తో కుట్టి మూసేశాను బాబూ."

కృపావరం కోపం ఎక్కడ దించాలో తెలీక గోడని గుద్దాడు. నల్ల కళ్ళజోడు బందరు నుంచి మద్రాసు దాకా సగం మందికి ఉంది.

మర్నాటి నుంచి ఇద్దరూ ఆ అందాన్ని కోసేశారు. కేబుల్ మలుపు తిరిగిన ప్రతిచోటా అరచేయంత తలుపు. చేయి చాలని చోట సెల్యులాయిడ్ కిటికీ. ఇంజన్ మూతకి పన్నెండు స్క్రూలు పీకేసి మడతబందులు, రెండు గొళ్ళేలు బిగించారు. చెయ్యి అందని నట్లన్నీ అందే చోటుకి మార్చారు. ప్రతి తలుపుకీ నంబరు వేశారు. ప్రతి నట్టు మీంచి పక్కనున్న చట్రం మీదకి ఎర్రరంగు గీత గీశారు. నట్టు తిరిగితే గీత విరుగుతుంది.

ఇరవయ్యో తారీఖు ఉదయం. చల్లపల్లి బయట, మినుము చల్లకుండా వదిలిన చేను. చీఫ్ వచ్చాడు. కారులోంచి పట్టుచీరలో, మెడలో కెమెరాతో ఒకామె దిగింది.

"బందరు లడ్డూలో నెయ్యి తగ్గిందట," అన్నాడు కృపావరం.

"తొక్కినవాడి చెయ్యి మంచిది కాదు," అందామె నవ్వుతూ. కోడ్ సరిపోయింది. సరోజిని.

ఆమె విమానం చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. కృపావరం చీఫ్‌తో మ్యాప్ చూశాడు. శోభనాద్రి పెట్రోలు పోశాడు. ఇంజన్ అందుకుంది.

"టైమ్ లేదు, ఎక్కు!" అన్నాడు చీఫ్.

"రాంబాబుని కూడా ఇలాగే తొందరపెట్టారా సార్?"

ఒకటి. రెండు. మూడు. ఒక్కో తలుపూ తెరిచాడు. ఏడోది తోక దగ్గర. గీత విరగలేదు, తిన్నగా ఉంది. వేలు పెట్టాడు. వేలికి రంగు అంటింది.

ఆ గీత గీసింది మొన్న.

నట్టు పట్టుకుంటే వదులుగా తిరిగింది. రెండు మరచుట్ల మీద వేలాడుతోంది. తలెత్తి చూశాడు. సరోజిని గోళ్ళ రంగు గులాబీ. చూపుడువేలి కొసన ఉన్నది మాత్రం ఎరుపు.

"తలుపులు పెట్టి నాకు దారి చూపించారు," అందామె తాపీగా.

"నాకూ చూపించాయి."

కెమెరా పైకి లేచింది. లెన్సు ఉండాల్సిన చోట తుపాకి గొట్టం. ఆమె మీట నొక్కేలోగా, కళ్ళజోడు లేకపోయినా ఇప్పుడు గొంతు గుర్తుపట్టిన శోభనాద్రి స్పానర్ వెనకనుంచి మణికట్టు మీద పడింది. గుండు చేలో మట్టి లేపింది.

"నాకు టీ పురమాయించి నాచేతే చంపించావు కదే!" ముసలాయన స్పానర్ మళ్ళీ ఎత్తాడు.

చీఫ్ ఆమె చేతులు విరిచి పట్టుకున్నాడు. "హంసలదీవి కబురు కూడా అబద్ధమేనా?"

"నిజమే. మీవాడు అక్కడికి చేరడుగా, అబద్ధం ఎందుకు?"

గుడ్డ కొయ్యక్కర్లేదు, కుట్టక్కర్లేదు. శోభనాద్రి నట్టు బిగించి తీగ చుట్టడానికి పట్టింది నాలుగు నిమిషాలు. కృపావరం లేచాడు. మడ అడవి దాటి పడవ సముద్రంలోకి మళ్ళుతుండగా దాని మీద పొగ డబ్బా జారవిడిచాడు. ఆ పొగ చూసుకుని, సముద్రంలో కాచుకున్న నేవీ లాంచీ వచ్చి దారి కట్టేసింది.

దిగగానే చీఫ్ చెయ్యి చాపాడు. కృపావరం అందుకోలేదు.

"ముందు ఆ ఫైలు తెరవండి. అజాగ్రత్త అన్న మాట కొట్టేసి, ఆ మనిషికి కోడ్ ఇచ్చింది ఎవరో రాయండి."

చలపతిరావు తల దించుకుని పెన్ను తీశాడు.

నెల తర్వాత ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. అభినందనలు ఒక్క వాక్యం. మిగతా పేజీ అంతా, అంత చిన్న విమానానికి ఇరవైరెండు తలుపులు దేనికో సంజాయిషీ ఇవ్వమని. కృపావరం దాని వెనకే ఒక్క మాట రాసి తిప్పి పంపాడు: 'చూడ్డానికి.'