రాజుగారి అరిగిన పాదాలు

తణుకు అవతల, కాలవ వంతెన దిగగానే నాలుగు దారులు కలిసే సెంటరుంది చూశారూ — ఒకప్పుడు దాని పేరెత్తితే పాలు తాగే పిల్లలు కూడా గుటక ఆపేసేవారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ దిష్టి తీసిన గుమ్మడికాయలూ, నిమ్మకాయలూ, ఎర్రనీళ్లూ తెచ్చి పారబోసేది అక్కడే. అన్నిళ్ల పీడా ఒక్కచోట పోగుపడితే ఊరుకుంటుందా? పొద్దుగూకాక అక్కడ కుక్క మొరిగేది కాదు. మొరిగినా... ఆ గొంతు కుక్కది కాదు!

విన్నది విన్నట్టే చెబుతున్నాను. ఇందులో ఒక్క అక్షరం ఎక్కువైతే గోదావరి ధవళేశ్వరం నుంచి భద్రాచలానికి ఎదురు పారుతుంది.

ఆ సెంటర్లో రాత్రిపూట బళ్లు ఢీకొనేవి. బండివాడు వెనక గడ్డి మీద పడి నిద్రపోతాడు, ఎద్దులు తెలిసిన దారిన అవే పోతాయి — మన వైపు అందరూ చేసేదే. రెండు బళ్లు ఎదురుపడ్డాయంటే కాడికి కాడి, కొమ్ముకి కొమ్ము! అంచేత జమీందారు పెదబాబుగారు ఓ ఆలోచన చేశారు. సెంటరు నడిమధ్యన గుండ్రంగా దిమ్మ కట్టిస్తే బళ్లు దాన్ని చుట్టి పోతాయి. ఆ దిమ్మ మీద, ఊరికి కాలవలు తవ్వించి కన్నుమూసిన తన తండ్రి పల్లంరాజుగారి నిలువెత్తు బొమ్మ పెట్టిస్తే పేరూ నిలుస్తుంది.

బొమ్మలు చేసేవాళ్లెవరూ దిష్టి పారేసే చోట పని ముట్టుకోం అన్నారు. ముందుకొచ్చింది ఒక్కడే — తాపీమేస్త్రీ లాజరు.

లాజరంటే అలాంటిలాంటివాడా! లూథరన్ గుడి మీద అతను సున్నంతో చేసిన దేవదూతల రెక్కల గాలికి గుడిగంట దానంతటదే మోగేదట. అయినా లోకానికి అతను గోడలు కట్టే మేస్త్రీయే. ఈ ఒక్క బొమ్మా నిలబడితే ‘బొమ్మల లాజరు’ అని పిలుస్తారని అతని ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నాడు.

తిప్పలు మొదటిరోజు నుంచే. మీసం పైకి తిప్పమన్నారు పెదబాబుగారు. తిప్పాడు. మర్నాడు కిందికి దించమన్నారు. దించాడు. ఆ మర్నాడు — “ఏరా లాజరూ, నాన్నగారి మీసం అలా వేలాడుతుందేంటి?” అన్నారు!

అదీ భరించాడు. పాదాల దగ్గరికి వచ్చింది అసలు గండం.

సాయంత్రం వేళ్లూ గోళ్లూ దిద్ది ఇంటికి పోయాడు. పొద్దున వచ్చి చూస్తే — వేళ్లు లేవు.

విరగలేదు. కింద పెచ్చు కూడా పడలేదు. నున్నగా... అరిగిపోయి ఉన్నాయి. ముట్టుకుంటే తడి.

లాజరు పళ్లు కొరుక్కుంటూ మళ్లీ సున్నం రుబ్బాడు. సున్నం రాయిలా బిగియాలంటే సున్నపు గానుగలో బెల్లం నీళ్లు పోస్తారు కదండీ — ఈసారి ఇంకాస్త దట్టించాడు. మళ్లీ పాదాలు చేశాడు. తెల్లారేసరికి మడమల దాకా లేవు! ఇంకా దట్టించాడు. చీలమండలు కూడా పోయాయి!

ఇంకేముంది, ఊరు గుసగుసలాడింది. రాజుగారు రాత్రిళ్లు దిమ్మ దిగి కాలవగట్లు తిరుగుతున్నారట... అందుకే పాదాలు అరిగాయట... తడి కాలవ నీళ్లదేనట! బండివాళ్లు దానికి వత్తాసు. “అక్కడికొచ్చేసరికి ఎద్దులు ఆగిపోతున్నాయండీ. కర్ర విరిగినా కదలవు. వాటికి ఏదో కనపడుతోందండీ...”

పెదబాబుగారు వచ్చి నిప్పులు కక్కారు. “పాదాలు పెట్టడం చేతకాదా నీకు?”

“పెడుతూనే ఉన్నానండి బాబూ. ఉండట్లేదండి.”

“మా చెరుకు గానుగ బెల్లం బుట్టలకి బుట్టలు పంపిస్తుంటే పిసినారితనం చేస్తున్నావా? ఇంకా పొయ్యరా! ఎల్లుండి కలెక్టరు దొరగారు ముసుగు తీస్తారు. అప్పటికి పాదాలు లేవో, బొమ్మ పగలగొట్టిస్తా. ఈ తాలూకాలో నువ్వు మళ్లీ తాపీ ముట్టుకోవు!”

ఇంటికొస్తే పెళ్లాం సువార్తమ్మ ఇంకో పోటు పొడిచింది. “దెయ్యాల్లేవని ఆదివారం అందరికంటే గట్టిగా ఆమేన్ అంటావు గదయ్యా. పోయి కాపలా కాయి.”

“కాస్తానే! నాకేంటి భయం?”

“భయం లేకపోతే ఆ బైబిలు పంచెలో దోపుకుంటున్నావెందుకో!”

ఆ సాయంత్రం బెల్లం పాకంలా పోసి మరీ పాదాలు దిద్ది, చీకటి పడ్డాక బొమ్మ వెనక నక్కాడు లాజరు. లాంతరు మీద కుండ బోర్లించాడు. ఒళ్లంతా పొద్దున్నుంచి పడ్డ సున్నం. మంచు కురిసి ఆ సున్నం ముద్దై, జుట్టు నుంచి గోళ్ల దాకా అంటుకుపోయింది.

ఊరు మాటుమణిగింది. కప్పలు ఆగాయి...

ఎక్కడో — కిర్ర్... కిర్ర్...

దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. ఠక్కున ఆగింది.

లాజరు గుండె చప్పుడుకి కాలవలో చేపలు ఎగిరిపడ్డాయంటే చూసుకోండి!

అప్పుడు... బొమ్మ కాళ్ల దగ్గర... స్సర్ర్... స్సర్ర్...

ఏదో ఈడుస్తున్నట్టు. వేడి ఊపిరి అతని మోకాలికి తగిలింది.

“పరలోకమందున్న... మా తండ్రీ...” అన్నాడు లోలోపల. తర్వాతి మాట ఎంతకీ రాదు. కుండ ఎత్తి, లాంతరు ముందుకు చాచాడు.

తెల్లగా... రెండు తలలు. నాలుగు కొమ్ములు. మూసుకున్న కళ్లు...

ఎద్దులు!

ఒంగోలు జత ఒకటి పల్లంరాజుగారి బొటనవేళ్లు చెరొకటీ పంచుకుని, బెల్లపచ్చు చీకే పిల్లల్లా తన్మయంగా నాకుతోంది. వెనక బండిలో పాపాయి అనే బండివాడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

లాజరుకి భయం పోయి ఒళ్లు మండింది. తను పోసిన ప్రతి బెల్లం చెంబూ కళ్లముందు తిరిగింది. పాదాలు గట్టిపడాలని కాదు — ఎద్దులకి విందు చేస్తూ వచ్చాడు ఇన్నాళ్లూ! ఒక్క దూకు దూకి బండివాణ్ని పట్టి కుదిపాడు.

“లేవరా! నీ ఎద్దులేం చేస్తున్నాయో చూడు!”

పాపాయి కళ్లు తెరిచాడు. ఎదురుగా — నిలువెల్లా తెల్లటి ఆకారం, చేతిలో దీపం, రగిలే కళ్లు...

“రాజుగారోయ్!”

ఆ కేకకి ఎద్దులు మిగిలిన పచ్చి పాదాల్ని కూడా కొమ్ములతో గీకేసి లంఘించాయి. ఆ బండి తణుకులో ఆగలేదు, గూడెంలో ఆగలేదు, ఏలూరు పొలిమేరలో ఇరుసు అంటుకుంటే గానీ ఆగలేదు!

మర్నాడు పెదబాబుగారి ముందు, ఊరందరి ముందు పాపాయి ఒకటే వణుకు. “నా కళ్లతో చూశానండి బాబూ! రాజుగారే! నీ ఎద్దుల్ని చూసుకోరా అని నా మంచి కోసం చెప్పారండి!”

“అది నేనురా!” అని గొంతు చించుకున్నాడు లాజరు.

“నువ్వా? ఆయన తాడిచెట్టంత ఉన్నారు. నువ్వు బండిచక్రమంతైనా లేవు!”

జనం గొల్లుమన్నారు. లాజరు పెదబాబుగారి వైపు తిరిగాడు. “బాబూ, బెల్లానికి ఎద్దులు నాకేస్తున్నాయండి. ఈ ఒక్క రాత్రీ చుట్టూ ముళ్లకంప కట్టించండి, బెల్లం లేకుండా—”

“నోర్ముయ్! మా నాన్నగారి కాళ్లు ఎద్దులు నాకడమా?” పెదబాబుగారి కళ్లు చెమర్చాయి. “పోయినా కూడా కాలవలు చూసుకుంటున్నారు నాన్నగారు. ఆయన నడక ఆపకూడదు. పాదాలు పెట్టకు. ముట్టుకున్నావో, చంపేస్తా!”

పాదాలు లేవని తిట్టిన నోరే!

కలెక్టరు దొరగారు వచ్చారు. ముసుగు తీశారు. ఆ తలపాగా చుట్లూ, ఆ ఉత్తరీయం మడతలూ, ఇప్పుడో ఇంకాసేపటికో పలకబోతున్నట్టున్న ఆ పెదవులూ చూసి జనం ఊపిరి బిగబట్టారు. దొరగారు కూడా టోపీ తీసి బొమ్మ చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి, కిందికి చూసి ఆగిపోయారు. పక్కనున్న గుమాస్తా చెవిలో ఏదో అన్నారు.

గుమాస్తా లాజరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“దొరగారు కనుక్కోమంటున్నారయ్యా. ఇంత గొప్పగా మొదలెట్టిన శిల్పి, పాదాల దాకా వచ్చేసరికి... చచ్చిపోయాడా అని.”

లాజరు పెదబాబుగారి వైపు చూశాడు. చేతులు జోడించాడు.

“చిత్తం,” అన్నాడు.