నాగేశ్ గదిలో ఆగిన చల్లదనం

మే నెల రెండో వారంలో ఒక ఉదయం, గద్వాలలో చీరల దుకాణం మీదున్న మాలతి ఆఫీసుకు భాగ్యమ్మ వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే, "నా పెనిమిటి పాణం మీదికి వచ్చిందమ్మా. మా ఏసీని కావాలని చెడగొట్టిండ్రు," అంది.

మాలతి ఇరవై ఏళ్లు బీమా సర్వేయరుగా పనిచేసి, కాలిన మోటార్లూ మునిగిన లారీలూ చూసి చూసి, ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి. ఆమె సహాయకుడు మస్తాన్ ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైనవాడు. ఆలోచిస్తున్నప్పుడు ఆమె కళ్లు అరమూతలు పడతాయి. కిటికీ పక్కన కునుకు తీస్తున్నట్టే కనిపించి, దిగాల్సిన చోటు రాకముందే లేచి నిలబడే ప్రయాణికురాలు గుర్తొస్తుంది మస్తాన్‌కు ఆమెను చూస్తే.

"మెల్లగా చెప్పు. ఆయనకేమైంది?" అంది మాలతి.

"పత్తిగింజల లారీ మీదికెల్లి పడ్డడు. వెన్నుపూస దెబ్బతిన్నది. చేతులు ఆడుతయి గని ఛాతీ కింద చెమట పట్టది. గది సల్లగ లేకుంటే ఒళ్లు పొయ్యి లెక్క కాగుతది. దవాఖానల డాక్టరు చెప్తేనే రెండేండ్ల కింద ఏసీ పెట్టించినం. పొద్దున చూస్తే నూటరెండు ఉంది జ్వరం."

"ఎవరి మీద అనుమానం?"

"ఇటిక్యాల ఎల్లన్న మీద. పోయినేడు గ్యాసు లీకయిందని వచ్చిండు. పొద్దంత కూసుండి ఏందో మిషిని పెట్టి గుయ్యిమనిపిచ్చిండు. మూడున్నర వేలు గుంజిండు."

"ఆ తరువాత ఏసీ నడిచిందా?"

"పది నెలలు మంచిగనే నడిచింది. ఈ మార్చిల శ్రవణ్ కుమార్ అని ఇంకో మెకానిక్ ఎండకాలం ఫ్రీ చెకింగ్ అని గల్లీకొచ్చిండు. మంచి మనిషి. మిద్దెక్కి మిషిని మూత తీసి అంతా తుడిచిండు, పైస తీస్కోలే. వారం దినాలకు ఏసీ ఆగుకుంట నడుచుకుంట షురువైంది. ఏప్రిల్ల మళ్ల ఆయననే పిలిస్తే పది నిమిషాలల్ల గ్యాసు నింపి పన్నెండు నూర్లు తీస్కున్నడు. ఇప్పుడు కంప్రెసరే పోయిందంటుండు. మార్చాల్నంటే ఇరవై వేలంట. ఎల్లన్న అప్పుడే లోపట ఏదో చేసి పెట్టిండంట."

శ్రవణ్ కుమార్ ఆ పాత మిషన్ను నాలుగు వేలకు తీసుకుంటానన్నాడు. సాయంత్రం నాలుగింటికి వస్తాడు. కొత్త ఏసీ కోసం భాగ్యమ్మ తన మగ్గాన్ని బేరానికి పెట్టింది. ఎల్లన్న దొంగ అని గల్లీ అంతా చెప్పేసింది కూడా. అతడి మీద కేసు పెట్టడానికి రుజువు కావాలని ఇక్కడికి వచ్చింది.

భాగ్యమ్మ కొంగుముడిలోంచి తీసిన రెండు చీటీలను మాలతి చదివి మస్తాన్‌కు ఇచ్చింది. ఎల్లన్న చీటీలో, పైపు జాయింటు బిగించి, నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేసి, లోపలి గాలి లాగేసి, ఆర్-32 గ్యాసు నింపినట్టు వరుసగా ఉంది. శ్రవణ్ చీటీలో ఒకటే ముక్క: గ్యాసు, ఆర్-22. పాత టిక్కెట్ల నంబర్లలాగే మస్తాన్ అవి గుర్తుపెట్టుకున్నాడు. మూడున్నర వేలన్న మాట మాత్రం అతడికి ముల్లులా గుచ్చుకుంది. ఎల్లన్నే దొంగ అని మనసులో ఖాయం చేసుకున్నాడు.

నేతగాళ్ల వీధి ఎండలో తేలుతున్నట్టుంది. గోడల అంచులు కరిగి, దూరంగా నడిచే మనుషులు నీళ్లలో నీడల్లా వణుకుతున్నారు. భాగ్యమ్మ ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర జరీ అంచు తళుక్కుమంటూ ఆగిపోయి ఉంది. లోపలి గదిలో కిటికీకి తడిగుడ్డ కట్టారు. గోడమీది ఏసీ గోరువెచ్చని గాలి వదులుతోంది. మంచం మీద నాగేశ్ కళ్లు సగం తెరిచి, ఏదో ఏటి అడుగున పడుకున్నవాడిలా పైకి చూస్తున్నాడు.

మిద్దె మీద బయటి మిషను పక్కన మాలతి కళ్లు మూసుకుని కూర్చుంది. తుమ్మెద రొదలాంటి మోత వచ్చింది. ఆ వెంటనే టక్కుమని ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ అదే మోత, అదే టక్కు. ఆ మధ్య నిశ్శబ్దంలో వీధీ ఆకాశమూ కూడా ఊపిరి బిగబట్టాయేమో అనిపించింది మస్తాన్‌కు.

"మస్తాన్ భాయ్, పైపు జాయింట్లు చూడండి. నూనె మరక ఉందా?"

"ఎక్కడ లేదమ్మా. దుమ్ము పొడిగనే ఉంది."

"స్టిక్కర్ మీద గ్యాసు పేరు?"

"ఆర్-32."

ఆమె లేచింది. కిందికొచ్చి భాగ్యమ్మను గ్యారంటీ కార్డు అడిగి తీసుకుంది. తరువాత నాగేశ్ మంచం పక్కన కూర్చుంది. ఇన్నాళ్లలో అతడిని ఎవరూ ఏమీ అడగలేదు.

"ఎల్లన్న ఆరోజు ఏం చేశాడో నీకు తెలుసా?"

"అన్నీ చూసిన," అన్నాడు నాగేశ్, పెదాలు తడుపుకుని. "నేను మిద్దెక్కలేను గద. అందుకని ఎల్లన్న కాక నా ఫోన్ తీస్కపోయి వీడియో తీసిండు. మిషిని మూత తీసి ఇది కంప్రెసరు, ఇది కెపాసిటరు అని చూపిచ్చిండు. ఆఖరుకు ఆకాశం దిక్కు తిప్పిండు. రంగులేసిన పట్టు పక్కమిద్దె మీద ఆరేసిండ్రు. జర గాలికి ఊగుతుంటది. నిద్రపట్టనప్పుడు అదే చూస్త."

మాలతి ఆ వీడియోను రెండుసార్లు చూసింది. తరువాత ఎల్లన్నను తీసుకురమ్మని మస్తాన్‌ను ఇటిక్యాల ఊరికి పంపింది.

ఎల్లన్న డెబ్బైకి దగ్గరపడ్డ బక్కమనిషి. "దొంగ అంటున్నరంట గద నన్ను," అన్నాడు దారిలో.

నాలుగింటికి శ్రవణ్ కుమార్ ట్రాలీ ఆటోతో వచ్చాడు. ఆటోలో టార్పాలిన్ కింద మరో బయటి మిషను ఉందని మస్తాన్ గమనించి మాలతి చెవిన వేశాడు. మాలతి అందరినీ నాగేశ్ మంచం చుట్టూ కూర్చోబెట్టింది.

"ఏంది మేడం ఇది, నాకు టైం లేదు," అన్నాడు శ్రవణ్.

"ఒక్క ప్రశ్న. ఏప్రిల్లో ఏ గ్యాసు నింపావు?"

"ఆర్-22. చీటీల రాసిన గద."

"ఈ మిషను గ్యాసు ఆర్-32. దీనికి అది వాడరు. నువ్వు ఏదీ నింపలేదు. అలవాటుగా రాసిచ్చావు." ఆమె భాగ్యమ్మ వైపు తిరిగింది. "ఏసీలో గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదమ్మా. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు పట్టుకుని, మూసి, పరీక్షించి, లోపలి గాలి లాగి, అప్పుడు నింపాలి. దానికి పూట పడుతుంది, ఖర్చూ అవుతుంది. ఎల్లన్న తీసుకున్నది ఆ పనికే. కారుతుంటే సాధారణంగా జాయింటు దగ్గర నూనె మరక ఉంటుంది. ఇప్పుడు మరకే లేదు."

"మరి కంప్రెసర్ ఎట్ల పోయింది?"

"పోలేదు. లేవాలని చూస్తూనే ఉంది, మోత వినలేదా? దాన్ని లేపడానికి ఒక తోపు ఇచ్చే చిన్న డబ్బా ఉంటుంది, కెపాసిటరు. నాలుగైదు వందల సరుకు. అది పాడైంది."

ఎల్లన్న మెయిన్ ఆపి మిద్దె మీద విప్పి తెచ్చిన డబ్బాను ఆమె నాగేశ్ దుప్పటి మీద పెట్టింది. తల ఉబ్బి ఉంది. అంచున తయారైన సంవత్సరం 2016.

"మిషను కొని రెండేళ్లు. దానిలో ఇంత పాత డబ్బా ఎలా వచ్చింది?"

"ముసలోడే మార్చిండు," అన్నాడు శ్రవణ్ వెంటనే.

మాలతి ఫోన్ తిప్పి చూపించింది. వీడియోలో ఎల్లన్న వేలు పక్కన ఉన్న డబ్బా వేరు. వెండి రంగు, నీలం చీటీ, ఉబ్బు లేదు.

"ఎల్లన్న పని ముగించినరోజు ఇది ఉంది. ఆ తరువాత ఆ మూత విప్పింది నువ్వొక్కడివే, ఫ్రీ చెకింగ్ రోజున. ఈ కార్డు ప్రకారం కంప్రెసరుకు పదేళ్ల గ్యారంటీ ఉంది. నిజంగా పోతే కంపెనీయే ఇవ్వాలి. ఆ సంగతి తెలిసీ నువ్వు ఇరవై వేలన్నావు. నీకు కావలసింది మరమ్మతు డబ్బు కాదు. మంచి మిషను నాలుగు వేలకు. ఆటోలో ఉన్నది ఎవరిది?"

శ్రవణ్ నాగేశ్ వైపు చూశాడు. నాగేశ్ చూపు తిప్పుకోలేదు.

"వనపర్తిల ఒక టీచరమ్మది," అన్నాడు శ్రవణ్, తల దించుకుని. "నాగర్‌కర్నూల్ల ఇంక మూడిండ్లు. ఈయనకు గిట్ల జ్వరమొస్తదని నాకు తెల్వదు."

"అడగలేదు కాబట్టి తెలియదు," అంది మాలతి. ఆ నాలుగు ఇళ్ల పేర్లూ మస్తాన్ రాసుకున్నాడు. మాలతి ఫోన్ చేసిన అరగంటలో పోలీసులు వచ్చి శ్రవణ్‌నూ ఆటోనూ తీసుకుపోయారు.

ఎల్లన్న తన సంచిలోంచి కొత్త కెపాసిటరు తీసి మిద్దెక్కాడు. కాసేపటికి ఆ రొద ఈసారి తెగకుండా సాగింది. గదిలోకి చల్లదనం తెల్లవారుజాము కృష్ణ ఒడ్డున మంచులా నెమ్మదిగా దిగింది. నాగేశ్ కళ్లు మూతపడ్డాయి. చీకటి పడేవేళకు జ్వరం తొంభైతొమ్మిదికి వచ్చింది.

"ఎంతియ్యాలె కాకా?" అంది భాగ్యమ్మ, తలెత్తకుండా.

"డబ్బాకు నాలుగున్నర నూర్లియ్యి. చేసిన పనికి నాకేం వద్దు." ఎల్లన్న ఆగాడు. "నన్నన్న మాట ఉంది గద, దాన్ని చూడు."

భాగ్యమ్మ గడప దాటి వీధిలోకి వెళ్లింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డారు.

"ఎల్లన్న కాక దొంగ కాదు," అంది, అందరికీ వినిపించేటట్టు. "నేనే తప్పు మాట్లాడిన. మా ఆయన పాణం నిలబెట్టింది ఆయననే."

మస్తాన్ వెనక్కి తిరిగి చూశాడు. ఎల్లన్న గోడవైపు మొహం పెట్టి, శుభ్రంగానే ఉన్న పానాను తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు.