సైలెన్సర్ మీద పెన్సిల్ గీత

నేను నలభై ఏళ్ళు వడ్రంగం చేశాను. నేను చేసిన కుర్చీలు మా ఊళ్ళో ఇంకా ఉన్నాయి. మనుషులు కూర్చోవడం మానేసి పిల్లులకు వదిలేశారు. అలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని నా స్నేహితుడు హాల్వర్ ఇంట్లోనే విమానం కట్టడానికి దిగాడు. వాడి ధైర్యం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

పదకొండేళ్ళు పట్టింది. రెండు సీట్ల విమానం. రెక్కలు వాడివి, ఇంజను వాడిది, బుర్ర వాడిది. పొగ గొట్టాలు మాత్రం నా వంతు. మసి పని కదా, మరి ఎవరికిస్తారు?

ఎగిరే ముందు మాకో అలవాటుండేది. హాల్వర్ సీట్లో కూర్చుని, తల బయటపెట్టి అడిగేవాడు: "ఏం మర్చిపోయావురా, వడ్రంగీ?" నేను ఏదో ఒకటి ఒప్పుకోవాలి. తాళంచెవి, చేతిగుడ్డ, మా ఆవిడ పుట్టినరోజు. ఒప్పుకోనిదే వాడు ఇంజను స్టార్టు చేసేవాడు కాదు.

షెడ్డు గోడకి వాడి చేతిరాతతో ఒక అట్ట ఉండేది: "గొట్టాల దగ్గరికి పెన్సిల్ రాకూడదు." విమానాలు కట్టే ప్రతివాడికీ తెలిసిన సంగతే. స్టీలు గొట్టం మీద పెన్సిల్‌తో గీత గీస్తే, అది ఎర్రగా కాలినప్పుడు ఆ నలుపు లోహంలోకి దిగిపోతుంది. కొన్నాళ్ళకి సరిగ్గా ఆ గీత వెంటే పగులుతుంది. అందుకే అందరూ మార్కర్ పెన్ను వాడతారు. నా చెవి మీద మాత్రం ఎప్పుడూ పెన్సిలే. వెనకవైపు నా పళ్ళగాట్లతో సహా.

మా విస్కాన్సిన్ చలికి ఒకరోజు మార్కర్ గడ్డకట్టింది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు ఎక్కడ బిగించాలో గుర్తుగా సైలెన్సర్ మీద పెన్సిల్‌తో ఒక గీత గీశాను. పక్కన ఒక బాణం, "ఇక్కడ" అన్న మాట. తర్వాత తుడుద్దామనుకున్నాను. కాఫీ తాగాను. మర్చిపోయాను. ఆ తర్వాత హాల్వర్ అడిగినప్పుడు చేతి తొడుగులు మర్చిపోయానన్నాను.

సైలెన్సర్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. చలికాలంలో ఆ తొడుగులోంచే వెచ్చటి గాలి సీట్లలోకి వస్తుంది. సైలెన్సర్ పగిలితే దాంతోపాటు పొగ కూడా వస్తుంది. ఆ పొగలో ఉండే విషానికి వాసన లేదు. మనిషికి నిద్ర వస్తుంది, అంతే.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో హాల్వర్ ఒక్కడే ఎగిరాడు. పెట్రోలు అయిపోయేదాకా విమానం దానంతటదే ఎగిరి, మంచు కప్పిన మొక్కజొన్న చేలో దిగింది. ప్రొపెల్లర్ ఒక్కటే వంగింది. వాడు సీట్లోనే ఉన్నాడు, ఊపిరి లేకుండా. బుగ్గలు ఎర్రగా, పెళ్ళిలో డాన్సు చేసి వచ్చి కూర్చున్నట్టు.

సైలెన్సర్ విప్పి చూశాను. పగులు నా గీత వెంటే ఉంది. పాత లోహం, అలిసిపోయింది అని అందరికీ చెప్పాను. ఆ సాయంత్రం పెన్సిల్‌ని పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా చూశాను. మళ్ళీ కొనలేదు.

ఆరోజు నుంచి నాకేమీ అనిపించడం లేదు. ఏడుపు రాలేదు. కాఫీ వేడిగా ఉందో లేదో నాలుక బొబ్బలెక్కాక తెలుస్తోంది.

ఈ ఫిబ్రవరిలో, ఒక మధ్యాహ్నం. హాల్వర్ కూతురు బ్రిట్ మూడింటికి వస్తానంది. విమానం తనే నడుపుకుంటూ తీసుకెళ్తుంది. కట్టినవాణ్ణి కాబట్టి తనిఖీ నాది, సంతకం నాది. వంగిన ప్రొపెల్లర్ మార్చి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త సైలెన్సర్ బిగించాను. నాలుగువైపులా వెల్డింగుతో మూసేసిన డబ్బా అది. తొడుగు ఇంకా వెయ్యలేదు.

వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి ఊదేలా తిప్పి, పైపుని పొగ గొట్టం చివర పెట్టాను. ఎక్కడన్నా కారుతుందేమోనని అంతటా సబ్బు నీళ్ళు రాశాను. ఒక్క బుడగ లేదు. బయట మంచు పడుతోంది. షెడ్డంతా సబ్బు వాసన, చల్లటి ఇనుము వాసన.

మిషను ఆపాను.

అప్పుడు లేచింది ఒక బుడగ. సైలెన్సర్ నడుమ, అతుకే లేని చోట. ఉబ్బింది... తగ్గింది. ఉబ్బింది... తగ్గింది.

పైపు పీకేశాను. ప్లగ్గు లాగేశాను.

ఉబ్బింది... తగ్గింది. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా.

బుడగ కింద సన్నటి గీత. బూడిద రంగు. పక్కన బాణం. నా కోడికెలుకుడు అక్షరాలు... "ఇక్కడ."

థిన్నర్‌తో తుడిచాను. పోయింది. గుడ్డ తీసేసరికి మళ్ళీ ఉంది. లోపల్నుంచి ఊరినట్టు.

వంగి గొట్టం చివర చెవి పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. గొట్టం మంచుగడ్డలా ఉంది. లోపల్నుంచి మాత్రం ఊపిరిలా ఆవిరి వచ్చింది.

"ఏం మర్చిపోయావురా..."

భయపడాలని తెలుసు, కానీ భయం రాలేదు. 

"లైల్ బాబాయ్! ఆ గొట్టానికేమన్నా జ్వరమొచ్చిందా, చెవి పెట్టి చూస్తున్నావు?"

బ్రిట్. టోపీ నిండా మంచు.

"ఇటు చూడమ్మా," అన్నాను. "ఇక్కడ ఏమన్నా కనిపిస్తోందా?"

తొంగి చూసింది. "సబ్బు నురగ. నువ్వు దేన్నైనా కడగ్గా చూడ్డం ఇదే మొదటిసారి. బాగానే ఉందిగా!"

ఆమెకి కనబడలేదు. నాకు కనబడుతూనే ఉంది. అంటే సంతకం పెట్టెయ్యొచ్చు. తొడుగు బిగించెయ్యొచ్చు. ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

తొడుగు చేతిలోకి తీసుకున్నాను. బ్రిట్ సీట్లోకి ఎక్కి తల బయటపెట్టింది. అచ్చం వాడి లాగే.

"ఏం మర్చిపోయావు, వడ్రంగీ?"

నవ్వుతూనే అడిగింది.

"తుడవడం," అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. మార్కర్, కాఫీ, గీత. కరెంటు బిల్లు చదువుతున్నట్టు వచ్చింది నా గొంతు.  ఆమె మెల్లగా కిందికి దిగింది.

"ఏడాది," అంది. "ఏడాదిపాటు మా అమ్మ వంటింట్లో కూర్చుని, ఆమె చేతి రొట్టె తిన్నావు."

"అవును."

"విప్పు దాన్ని. కొయ్యి. నీకు కనబడేదేంటో నేనూ చూడాలి."

విప్పాను. ఇనుము కోసే రంపంతో ఒక అంచు నేను, ఒక అంచు ఆమె, వంతులేసుకుని కోశాం. డబ్బా రెండుగా విడిపోయింది. కొత్త స్టీలు, అద్దంలా ఉంది. ఫ్యాక్టరీలో మూసేశాక ఎవరి చెయ్యీ దూరని చోట, లోపలి గోడ మీద...

గీత. బాణం. "ఇక్కడ."

ఈసారి బ్రిట్ కూడా చూసింది. వేలితో తాకింది. వేలికి నల్లగా అంటింది.

"దేంతో రాశావు?" గుసగుసగా అడిగింది.

"నేను రాయలేదమ్మా. ఆ పెన్సిల్ కాల్చేశాను. ఏడాది నుంచి నా దగ్గర పెన్సిలే లేదు."

ఆమె సైలెన్సర్ వైపు చూడటం లేదు. ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది.

"మరి... నీ చెవి మీద ఏంటి, బాబాయ్?"

చెయ్యి పెట్టి తీశాను. పొట్టిగా ఉంది. వెనక నా పళ్ళగాట్లు.

మొన తాకగానే వేలు చుర్రుమంది. ఏడాదిలో నాకు తగిలిన మొదటి వేడి అది.